ప్రమాదం అటు, ఆస్పత్రి ఇటు: గంజాం, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గంజాం జిల్లా కలెక్టర్ గారికి, శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

మీ ఇద్దరికీ కలిపి ఒకే లేఖ రాస్తున్నాను. విడివిడిగా రాస్తే ఇద్దరి దగ్గరా అది ‘అవతలి జిల్లా విషయం’ అయిపోతుందేమోనని భయం. ఒడిశా, ఆంధ్రా హద్దులోని గిరిసోల దగ్గర జిల్లా మారుతుంది, రాష్ట్రం మారుతుంది, పోలీసు స్టేషను మారుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మాత్రం అదే, దాని మీద తిరిగే మనుషులూ వాళ్లే. ఆంధ్రాలోని ఇచ్ఛాపురానికీ ఒడిశాలోని బరంపురానికీ మధ్య సుమారు పాతిక కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలో కారు ప్రమాదం జరిగితే, ఆ కుటుంబం రెండు రాష్ట్రాల కాగితాల మధ్య ఏళ్ల తరబడి నలుగుతోంది. మీ మీ జిల్లాల రోడ్డు భద్రత కమిటీలకు అధ్యక్షులు మీరే. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే ఇందులో చాలా భాగం కొత్త చట్టం అక్కర్లేకుండానే తీరిపోతుందని నమ్మి రాస్తున్నాను.

నేను బరంపురంలో ఒక వకీలు గారి దగ్గర గుమస్తాని. ప్రమాద పరిహారం ఫైళ్లు కట్టడం, కాగితాలు తెప్పించడం, స్టేషనుకీ ఆస్పత్రికీ తిరగడం నా పని. మాది తెలుగు ఇల్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం ఇటు వచ్చింది. మా చుట్టరికాలు మాత్రం సోంపేటలో, కవిటిలో, కంచిలిలో, పలాసలో అలాగే ఉండిపోయాయి. పిల్లనిచ్చేదీ అటే, తెచ్చుకునేదీ అటే. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే రాత్రిళ్లు ఈ రోడ్డు నిండా పెళ్లి కార్లు. దానికి తోడు విశాఖ నుంచి పూరీ జగన్నాథుడి దర్శనానికి రాత్రంతా నడిపించుకుని వచ్చే బండ్లు. అటువాళ్లకు పెద్ద దెబ్బ తగిలితే శ్రీకాకుళం వెళ్లాలంటే వంద కిలోమీటర్లు దాటాలి. బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి మెడికల్ కాలేజీ ఆస్పత్రి అయితే అరగంట, ముప్పావుగంట. అందుకని ప్రమాదం ఆంధ్రాలో జరిగినా, ప్రాణం దక్కించుకోవడానికి మనుషులు ఒడిశాకే పరిగెత్తుతారు. అది సహజం. కాగితాలు మాత్రం మనుషులతో పాటు పరిగెత్తవు.

ముందు ప్రమాదాల సంగతి చెప్పాలి. 2022లో దేశం మొత్తం మీద 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయనీ, 1,68,491 మంది చనిపోయారనీ కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. చనిపోయినవాళ్లలో నూటికి డెబ్బైమంది పైచిలుకు అతివేగం వల్లే పోయారని అదే లెక్కలో ఉంది. ఆ లెక్కను నేను కాదనను. కానీ కారణం అన్నచోట అతివేగం అని రాసి ఫైలు మూసేస్తే, ఆ వేగంగా వెళ్లిన బండికి ఎదురుగా ఏముందో ఎవరూ అడగరు. మా టేబుల్ మీదికొచ్చే ఫైళ్లలో మళ్లీ మళ్లీ ఎదురయ్యేది ఒకటే: రోడ్డు పక్కన, సగం టైర్లు రోడ్డు మీదే పెట్టి, వెనక లైటు లేకుండా ఆగి ఉన్న లారీ.

రాత్రి పదకొండు దాటాక ధాబాల దగ్గర ఒకసారి చూడండి. లోపల జాగా నిండిపోతే డ్రైవర్లు రోడ్డు అంచునే వరసగా ఆపేస్తారు. పగలంతా నడిపి అలిసిపోయిన మనిషి బ్యాటరీ దిగిపోతుందని పార్కింగ్ లైట్లు ఆర్పేసి పడుకుంటాడు. వెనక అంటించిన మెరిసే టేపు బురదకు, బొగ్గుకు, గ్రానైట్ పొడికి నల్లబడిపోయి ఉంటుంది. బండి ఆగినప్పుడు హెచ్చరికగా వెనక పెట్టాల్సిన ఎర్ర త్రికోణం సీటు కింద ఎక్కడో ఉంటుంది, లేదా ఉండదు. టైరు పగిలి ఆగిన లారీ అయితే వెనక నాలుగు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ. లారీ కదిలిపోయాక కూడా ఆ రాళ్లు అక్కడే ఉండిపోతాయి, ఆ తర్వాత ఏ బైకువాడో వాటి మీద పడతాడు.

ఇప్పుడు కారు నడిపేవాడి వైపు నుంచి చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు వెళ్తుంది. ఎదురుగా ఏదో ఉందని కంటికి ఆని, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సెకనున్నర గడుస్తుంది, అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కినా బండి ఆగడానికి ఇంకో 35 మీటర్లు కావాలి. అంటే దగ్గర దగ్గర 70 మీటర్లు. డిమ్ములో హెడ్‌లైటు వెలుగు సరిగ్గా ఆనేది 40, 50 మీటర్లే. ఎదుటి వరస నుంచి వచ్చే బస్సు ఫుల్ లైటు కొడితే అదీ ఉండదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున బాహుదా ఏటి దగ్గర మంచు పట్టినప్పుడు సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆ డ్రైవరు మద్యం తాగలేదు, పరిమితి దాటలేదు, నిద్రా పోలేదు. అయినా గుద్దుతాడు. దీన్ని డ్రైవరు తప్పు అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు న్యాయంగా అనిపించదు.

ఒక కుటుంబం గురించి చెప్తాను, పేర్లు వద్దు. ఆయన బరంపురం పట్టు నేసే మనిషి. భార్యాభర్తలు సోంపేట వైపు పెళ్లికి వెళ్లి, రాత్రి భోజనాలయ్యాక తెలిసినవాళ్ల కారులో తిరిగి బయల్దేరారు. ఇచ్ఛాపురం ఇంకా రాకముందే కారు ఆగి ఉన్న లారీ వెనక దూరింది. నడుపుతున్న కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. ఈయనకు మోకాలి చిప్ప పగిలింది, తొడ ఎముక విరిగింది. వెనక సీట్లో ఉన్న ఆవిడకు పక్కటెముకలు. దారినపోయేవాళ్లు దేవుళ్లలా వచ్చి బయటికి లాగి బరంపురం పంపించారు. ఆ హడావిడిలో లారీ నంబరు ఎవరూ రాసుకోలేదు, ఫోటో తీయలేదు. తెల్లవారేసరికి అక్కడ లారీ లేదు, గాజు పెంకులున్నాయి. కేసు నమోదైంది. ఎవరి మీదనుకున్నారు? చనిపోయిన కుర్రాడి మీద, అజాగ్రత్తగా అతివేగంగా నడిపాడని. ఆ కారుకు ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒక్కటే. సొంత వాడకం కారుకు ఆ పాలసీ మాత్రమే ఉంటే, అందులో ఊరికే ఎక్కినవాళ్లకు అది వర్తించదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. లారీ దొరికి ఉంటే కథ వేరుగా ఉండేది. రెండు బండ్ల తప్పూ ఉన్నప్పుడు, ఏ తప్పూ చేయని ప్రయాణికుడు మొత్తం పరిహారం ఆ రెండింటిలో ఎవరి నుంచైనా అడగొచ్చు. ఆ హక్కు లారీతో పాటే వెళ్లిపోయింది.

ఆయన మోకాలు ఇప్పుడు పూర్తిగా వంగదు. ఉద్యోగస్తుడికైతే అది కుంటి నడక, అంతే. గుంట మగ్గం మీద కూర్చునే మనిషికి అది జీవనాధారం పోవడం. చేతులు ఎంత బాగున్నా, కాళ్లతో తొక్కకపోతే పడుగు విడదు. డాక్టరు సర్టిఫికెట్లో రాసే శాతం ఒకటి, ఆ దెబ్బ వల్ల మనిషి సంపాదన ఎంత పోయిందన్న లెక్క ఇంకొకటి అని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కానీ ఆ లెక్క చెప్పించుకోవడానికి ముందు ఒక లారీ నంబరు కావాలి కదా.

అందుకే నా మొదటి విన్నపం. ఆగి ఉన్న బండిని గుద్దిన ప్రతి కేసులోనూ, ఆ ఆగి ఉన్న బండి వివరాలు తప్పనిసరిగా రికార్డు కావాలని మీ పోలీసు సూపరింటెండెంట్లతో మాట్లాడి చెప్పించండి. లైట్లు వెలుగుతున్నాయా, త్రికోణం పెట్టారా, ఎన్ని అడుగులు రోడ్డు మీదున్నాయి, టేపు కనిపిస్తోందా అన్నది ఫోటోలతో సహా ఉండాలి. ఇప్పుడు ప్రతి ప్రమాదాన్నీ ఈ-డార్ అనే దేశవ్యాప్త డేటాబేసులో ఫోన్ నుంచే ఎక్కిస్తున్నారు, ఫోటోలు పెట్టే ఏర్పాటూ అందులోనే ఉంది. ప్రమాదకరంగా బండి ఆపడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం తప్పే. దాన్ని వాడండి. కేవలం చలానాలు రాయమని అనడం లేదు. డ్రైవరు కూడా మనిషే, అతనికి ఎక్కడో ఒకచోట పడుకోవాలి. గిరిసోలకు అటూ ఇటూ లారీలు ఆపుకోవడానికి లైట్లున్న స్థలం, నీళ్లు, మరుగుదొడ్డి ఇప్పించమని జాతీయ రహదారుల సంస్థను మీరిద్దరూ కలిసి అడిగితే ఆ మాటకు బరువుంటుంది. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో లోపం వల్ల మనిషి చనిపోతే కాంట్రాక్టరుదీ, రోడ్డు సంస్థదీ బాధ్యత అని 2019 సవరణలో 198ఎ సెక్షన్ తెచ్చారు. జరిమానా లక్ష వరకే, నిజమే. అయినా దాని కింద ఒక్క కేసు పెట్టినా, గుర్తుపెట్టుకుని డివైడర్‌లో గండి లాంటి లోపాలను సరిచేయిస్తారు.

రెండోది, బ్లాక్ స్పాట్ లెక్క. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, లేదా పదిమంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అప్పుడే దానికి నిధులు, మరమ్మతు, లైట్లు. మరి సరిహద్దు సరిగ్గా ఆ 500 మీటర్ల మధ్యలోంచి పోతే? ఇటు మూడు, అటు రెండు జరిగితే గంజాం జాబితాలోనూ రాదు, శ్రీకాకుళం జాబితాలోనూ రాదు. ఐదు ఇళ్లల్లో ఏడుపు మాత్రం ఒక్కటే. రెండు జిల్లాల పోలీసులూ ఎక్కించేది అదే డేటాబేసు కాబట్టి, హద్దుకు రెండు వైపులా ఐదేసి కిలోమీటర్ల వివరాలు ఒక మ్యాపు మీద వేసి చూడటం ఒక మధ్యాహ్నం పని. మూడు నెలలకోసారి రెండు కమిటీలూ ఒకచోట కూర్చుని ఆ మ్యాపు చూడాలని అడుగుతున్నాను. ఒకసారి ఇచ్ఛాపురంలో, ఒకసారి బరంపురంలో. ఇది కుదిరితే పర్లాకిమిడి–పాతపట్నం వాళ్లూ, సుంకి ఘాట్ దగ్గర కోరాపుట్–సాలూరు వాళ్లూ మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు. ఘాట్‌లో దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో వదిలేసి, బ్రేకులు కాలిపోయి లోయలో పడే బండ్ల కథ వేరే ఉంది. దాని గురించి ఆ దారిన రోజూ తిరిగేవాళ్లు నాకన్నా బాగా రాయగలరు.

ఇక గాయపడ్డాక జరిగేది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం పరిహారం దావా ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. బాధితుడు నివసించే చోట వేయొచ్చు, వ్యాపారం చేసుకునే చోట వేయొచ్చు, ఎదుటి పక్షం ఉండే చోటా వేయొచ్చు. అంటే పలాస దగ్గర గుద్దుకున్న బరంపురం మనిషి, ప్రమాద పరిహారం దావాలు వినే బరంపురం ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. కంచిలి మనిషి ఛత్రపురం దగ్గర దెబ్బ తిన్నా తన జిల్లాలోనే వేసుకోవచ్చు. సరిహద్దు మనుషుల కోసమే రాసినట్టుండే ఈ నిబంధన సరిహద్దులోనే చాలామందికి తెలియదు. ‘కేసు ఆంధ్రాలో ఉంది, మేం అక్కడికి తిరగలేం’ అని వదిలేసుకున్న కుటుంబాలున్నాయి. చనిపోయినవాడి భార్యకు భాష వచ్చు గానీ అటు కోర్టుకు తోడు వచ్చే మగదిక్కు లేడు. ఆస్పత్రి వరండాలోనే ఎవరో ఒకరు వచ్చి, వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకుని ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. వకీళ్లు పరిహారంలో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. అది ఆ వరండాలో ఎవరు చెప్తారు?

చట్టం ఇప్పటికే చెప్పమంటోంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదం సంగతి 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు మొదటి నివేదికగా పంపాలి. బాధితుడి హక్కులేమిటో రాసి ఉన్న రెండో నంబరు ఫారం పది రోజుల్లో అతని చేతికి ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక వెళ్లాలి. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఇవన్నీ అమలు చేసి తీరాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆ రెండో నంబరు ఫారం ఎప్పుడైనా చూశారా అని మా దగ్గరికొచ్చే కుటుంబాలను నేను అడుగుతూనే ఉంటాను. చాలామంది అదేమిటని నన్నే అడుగుతారు. దాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేయించి రెండు జిల్లాల స్టేషన్లలోనూ, బరంపురం ఆస్పత్రి అత్యవసర విభాగం ముందూ పెట్టించండి. ఖర్చు కాగితం ఖర్చే. మా వీధుల్లో తెలుగు మాట్లాడేవాళ్లలో సగం మందికి చదవడం ఒడియాలోనే వచ్చు, అటువైపు నుంచి వచ్చినవాళ్లకు ఒడియా అక్షరం ముక్క రాదు. రెండూ కావాలి.

ఆస్పత్రిలో మనిషి కదల్లేని స్థితిలో ఉన్నప్పుడు ‘ప్రమాదం అక్కడ జరిగింది కాబట్టి అక్కడి స్టేషనుకు వెళ్లి ఇవ్వండి’ అనే మాట ఇక ఎవరూ అనకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకుని, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, ఆ పరిధి స్టేషనుకు పంపాలి. పంపిన తర్వాత అది చేరిందా, నంబరు పడిందా అన్నది కుటుంబం తిరిగి తెలుసుకునే పని కాకూడదు. రెండు వైపులా ఒక్కొక్క అధికారి పేరు, ఫోన్ నంబరు గోడ మీద రాసి ఉంటే చాలు.

ఇంకో చిన్న విషయం, మీకు చిన్నదిగా కనిపించవచ్చు. ఆంధ్రా ఎఫ్‌ఐఆర్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది. బరంపురం ఆస్పత్రి టికెట్టులో అది చివరకు వెళ్తుంది, ఒక్కోసారి మధ్యలో ఉన్న కులం పేరే ఇంటిపేరై కూర్చుంటుంది. ఆధార్‌లో మూడో రకం. ఇన్సూరెన్సు కంపెనీ తరఫు వకీలు లేచి, గాయపడిన మనిషీ దావా వేసిన మనిషీ ఒకరే అని రుజువేమిటి అంటాడు. అప్పుడు అఫిడవిట్లు, తహసీల్దారు సర్టిఫికెట్లు, వాయిదాలు. ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు పేరు రాయించి, ఆ ఆస్పత్రి నంబరు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కిస్తే ఈ గొడవే ఉండదు.

గుద్ది పారిపోయిన బండి దొరకనప్పుడు కేంద్రం పెట్టిన పథకం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి చావుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అంతకుముందు ఇది 25 వేలు, 12,500. ఈ డబ్బు మంజూరు చేసే అధికారి ఎవరో కాదు, కలెక్టరే. విచారణ చేసేది సబ్ డివిజన్ స్థాయి అధికారి. అయితే ఈ దరఖాస్తు మాత్రం ప్రమాదం జరిగిన చోటే ఇవ్వాలి. బరంపురం విధవరాలు ఇచ్ఛాపురం అవతల జరిగినదానికి శ్రీకాకుళం జిల్లాలోని ఆ సబ్ డివిజన్ ఆఫీసు మెట్లెక్కాలి. నెలలోగా బండి ఆచూకీ దొరకకపోతే, ఈ పథకం ఉందని బాధితులకు పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ ఇద్దరి జిల్లాల్లో ఒక ఒప్పందం చేసుకోండి: దరఖాస్తు ఏ కలెక్టరేటులో ఇచ్చినా తీసుకుని, అవతలికి మీ తపాలాలోనే పంపండి. ఆవిడను పంపకండి.

వైద్యం ఖర్చుకు 2025 మే నుంచి నగదు రహిత చికిత్స పథకం వచ్చింది. గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా. 112కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉందో చెప్పాలి. సరిహద్దు దగ్గర ఆ ఫోన్ ఏ రాష్ట్రం కంట్రోల్ రూముకు వెళ్తుందో, వాళ్ల జాబితాలో అవతలి రాష్ట్రం ఆస్పత్రులు ఉన్నాయో లేదో ఒకసారి మీరే పరీక్షించి చూడండి. ఇచ్ఛాపురంలో పడిన మనిషికి శ్రీకాకుళం ఆస్పత్రి పేరు చెప్తే ప్రయోజనం లేదు.

పెద్ద ప్రమాదం జరిగితే మీరు వస్తారు, అది మేం చూశాం. 2023 జూన్ 25 రాత్రి దిగపహండి దగ్గర రెండు బస్సులు గుద్దుకుని పెళ్లివారు సహా 12 మంది పోయినప్పుడు జిల్లా యంత్రాంగమంతా కదిలింది. అలాంటప్పుడు ప్రకటించే ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం చేసే సాయం. దాన్నే పరిహారం అనుకుని చాలామంది ట్రిబ్యునల్‌కు వెళ్లరు. రెండింటికీ పోలికే లేదు. నెలకు 15 వేలు సంపాదించే 38 ఏళ్ల నేతపనివాడు చనిపోయాడనుకోండి, ఇంట్లో అతని మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో పెట్టిన లెక్క ప్రకారం ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే నెలకు 21 వేలు. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే ఏడాదికి 1,89,000. ఆ వయసుకు 15తో హెచ్చవేస్తే 28,35,000 రూపాయలు. అంత్యక్రియలు, ఇతర పద్దులు, వడ్డీ ఆ పైన. ఇలాంటి కుటుంబాలే దినకార్యం కాకముందే పెద్దమనుషుల మాట విని కొద్దిపాటి లక్షలకు రాజీ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నాయి.

గడువు సంగతీ ఉంది. 2022 నుంచి దావా ఆరు నెలల్లో వేయాలని చట్టంలో పెట్టారు. ఆ గడువు సరైనదేనా అన్న సవాలు సుప్రీంకోర్టు ముందుంది. ఆ సవాలును నమ్ముకుని ఎవరూ ఆలస్యం చేయకూడదు. తొడ ఎముక విరిగినవాడికి మూడు నెలలు మంచం మీదే గడుస్తాయి. మిగతా మూడు నెలల్లో అవతలి రాష్ట్రం నుంచి ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, వెహికిల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఇక్కడి ఆస్పత్రి నుంచి గాయాల సర్టిఫికెట్టు, అన్నిటికీ అనువాదాలు. మీ వైపు నుంచి ఒక్కో వారం ఆలస్యమూ వాళ్ల హక్కులోంచే పోతుంది.

ఈ లేఖ చదివే మనవాళ్లకు కూడా నాలుగు మాటలు చెప్పుకోవాలి, కలెక్టర్ గార్లు మన్నించాలి. పెళ్లికో గుడికో కారు మాట్లాడేటప్పుడు పాలసీ కాగితం ఫోన్లో పంపమని అడగండి, మొహమాటపడకండి. తెల్ల నంబరు ప్లేటున్న సొంత వాడకం కారును కిరాయికి తీసుకుంటే, ప్రమాదం జరిగాక కంపెనీ మొదట లేవనెత్తే అభ్యంతరం అదే. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్న సొంత కారైతే లోపల కూర్చున్నవాళ్లకూ రక్షణ ఉంటుంది, థర్డ్ పార్టీ ఒక్కటే అయితే ఉండదు. తేడా ఏడాదికి కొన్ని వేలు. సంతకో ఊరేగింపుకో సామాన్ల పికప్‌లో, ట్రాక్టరు ట్రక్కులో ఎక్కేవాళ్లకు అయితే ఏ పాలసీ కిందా హక్కు నిలబడటం కష్టం. వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకోండి. ముందు సీట్లో చంటిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోకండి, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే మొదట తగిలేది ఆ పిల్లకే. అర్ధరాత్రి భోజనాలు కాగానే బయల్దేరాలని డ్రైవరును తొందరపెట్టకండి. రెండు నుంచి ఐదు మధ్య కళ్లు తెరిచే నిద్రపోతాడు, తనకే తెలియదు. అక్కడే పడుకుని పొద్దున్నే రండి.

మందుల షాపు బిల్లులు నున్నటి కాగితం మీద వస్తాయి, కొన్ని నెలలకు అక్షరాలు ఎగిరిపోయి తెల్లబడిపోతాయి. ఒకావిడ ప్లాస్టిక్ కవరు నిండా భద్రంగా దాచి తెచ్చిన బిల్లులు తీసి చూస్తే ఒక్క అంకె కనిపించలేదు. వేలల్లో ఖర్చు, రుజువు లేదు. బిల్లు రాగానే జిరాక్సు తీయించండి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఎక్కడైనా ప్రమాదం కనిపిస్తే ఆగండి. మనుషుల్ని బయటికి తీశాక రెండు బండ్ల నంబర్ ప్లేట్లూ కనిపించేలా ఒక ఫోటో తీసి పోలీసులకిచ్చేయండి. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు, సాక్షిగా రమ్మని వేధించకూడదు, 134ఎ సెక్షన్ ఆ రక్షణ ఇచ్చింది. సాయం చేసినవాళ్లకు ఇచ్చే బహుమతి కూడా 2025లో 5 వేల నుంచి 25 వేలకు పెంచారు. ఆ ఒక్క ఫోటో ఉండి ఉంటే పైన చెప్పిన నేతపనివాడి కేసు ఈరోజు ఇలా ఉండేది కాదు.

కలెక్టర్ గార్లూ, నేనడిగినవాటిలో లారీలు ఆపే స్థలం ఒక్కటే డబ్బుతో కూడిన పని. మిగతావన్నీ ఒక ఉత్తర్వు, ఒక ఫోన్ నంబరు, రెండు భాషల్లో ఒక కాగితం, మూడు నెలలకోసారి ఒక మీటింగు. మొదటి ఉమ్మడి సమావేశం ముహూర్తాల సీజన్ మొదలవకముందే పెట్టండి. పిలిస్తే, బాధిత కుటుంబాల అనుమతి తీసుకుని, పేర్లు కొట్టేసిన ఫైళ్లు పట్టుకుని నేను వస్తాను. ఏ కాగితం ఎక్కడ ఎన్నాళ్లు ఆగిందో తారీఖులతో సహా చూపిస్తాను.

ఇట్లు,
మోటారు ప్రమాదాల క్లెయిములు చూసే ఒక వకీలు గుమస్తా,
బరంపురం, గంజాం జిల్లా